ప్రమోదక్క నంబర్

మా ఎల్లారెడ్డిలో ఎవరింట్లోనైనా మంటలంటుకున్నా, ఎవరికి ప్రాణం మీదికొచ్చినా ఆ సంగతి ముందు మస్కట్‌కు తెలుస్తుంది, పక్కింటికి తర్వాత తెలుస్తుంది. వెక్కిరించడం లేదు, ఉన్నమాటే చెబుతున్నాను. ఇంట్లో ఆడమనిషి మొదట గల్ఫ్‌లో ఉన్న పెనిమిటికి ఫోన్ చేస్తుంది. ఆయన అక్కడ ఏ కట్టుబడి మీదో, ఏ హోటల్ వంటగదిలోనో చేతిలో పని పడేసి నాకు ఫోన్ చేస్తాడు. నేను భీమేష్‌కు చెబుతాను. భీమేష్ అంబులెన్సు తీస్తాడు.

ఇదేం పద్ధతని కొత్తగా వచ్చిన ఆఫీసర్లు తల పట్టుకుంటారు. వాళ్లకేం తెలుసు? పెనిమిటికి చెప్పకుండా అత్తను దవాఖానకు తీసుకుపోయిందనుకోండి, రేపు ముసలామెకు ఏదన్నా అయితే 'నాకొక్క మాట చెప్పకపోతివి' అన్న నింద ఆ పిల్ల జన్మంతా మోయాలి. ముందే చెబితే ఆ బరువు సముద్రం అవతలికి పోతుంది. అక్కడినుంచి తిరిగొచ్చి నా నెత్తిన కూర్చుంటుంది.

నా పేరు ప్రమోద. మున్సిపాలిటీ ఆఫీసు వెనక ఆపద గదిలో ఫోనెత్తే మనిషిని. సర్కారు బండ్లు వేరే ఉన్నా, ఊరివాళ్లు చందాలేసుకుని ఒక అంబులెన్సూ మంటలార్పే చిన్న బండీ కొని మున్సిపాలిటీకి అప్పజెప్పారు. వాటికొక గది, గదికొక ఫోను, ఫోనుకొక నేను. ఒక వానాకాలం పిడుగు పడి ఆ ఫోను మాడిపోయింది. బాగయ్యేదాకా నాలుగు రోజులు వాడుకోండని నా సెల్ నంబరిచ్చాను. ఆ నాలుగు రోజులు ఇంకా అయిపోలేదు. ఎవరో పుణ్యాత్ముడు దాన్ని బస్టాండు గోడ మీద రాయించాడు. తర్వాత ఆటోల వెనక్కి ఎక్కింది. గల్ఫ్‌కు పోయేవాడు పాస్‌పోర్టుతో పాటు నా నంబరు కూడా సరిచూసుకుని విమానం ఎక్కుతాడు.

మనసు పెట్టి స్నానం చేసి ఎన్నేళ్లయిందో నాకే తెలియదు. మా అక్క బిడ్డ పెళ్లిలో అందరూ తలంబ్రాలు పోస్తుంటే, నేను పందిరి గుంజ పట్టుకుని ఎవరికో గుండెనొప్పి వస్తే ఏం చేయాలో చెబుతున్నాను. ఊరు నన్ను దేవతంటుంది. దేవతను గుళ్లో పెట్టి బయట తాళం వేస్తారన్న సంగతి మాత్రం ఎవరూ అనరు.

మా ఆయన నరేందర్ ఒకప్పుడు దుబాయి చూసొచ్చినవాడే. ఇప్పుడు కామారెడ్డిలో బోరు మోటార్లు బాగుచేసే దుకాణం నడుపుతున్నాడు. మా బిడ్డ సుష్మిత అక్కడే కాలేజీ. తండ్రీబిడ్డలు ఒక కిరాయి గదిలో వండుకు తింటారు. మధ్యలో ఉన్నది గంటన్నర బస్సు దూరమే. ఆ గంటన్నర కూడా నాకు దొరకదు. లింగంపేటలో దిగి ఎదురు బస్సెక్కి వెనక్కి వచ్చిన పండగలు ఎన్నో ఉన్నాయి. "నాకు పెండ్లామున్నదా, ఫోన్ బూతున్నదా?" అని నరేందర్ మొదట్లో నవ్వేవాడు. తర్వాత తర్వాత నవ్వడం మానేశాడు.

ఈ శ్రావణంలో ఆయన కామారెడ్డిలో ఒక ఇల్లు చూశాడు. దసరాకు పాలు పొంగిద్దామన్నాడు. "నువ్వొస్తె ఇల్లు. రాకుంటె మా ఇద్దరికి గీ గదే చాలు. ఇగ నేను అడుగ ప్రమోదా," అన్నాడు. కోపంగా అని ఉంటే పోట్లాడి ఊరుకునేదాన్ని. మెల్లగా అన్నాడు. అందుకే భయమేసింది.

సరిగ్గా అప్పుడే ఉమ్మడి ఆపద కేంద్రం మాట వచ్చింది. కామారెడ్డిలో ఒకే పెద్ద గది. కామారెడ్డి, ఎల్లారెడ్డి, చుట్టుపక్కల మండలాల ఫోన్లన్నీ అక్కడికే పోతాయి. అందరికీ మూడంకెల ఒకే నంబరు. ఎవరి బండి దగ్గరుంటే వాళ్ల బండి పోతుంది. ఫోనెత్తేవాళ్లు వంతులవారీగా కూర్చుంటారు. మా గది మూసేసి నన్ను అక్కడికి తీసుకుంటారు. ఇందులో నా చెవిన పడ్డది ఒక్కటే. వంతు అయిపోగానే లేచి ఇంటికి పోవచ్చు.

ఊరికి మాత్రం కారం రాసినట్టయింది. మన చందాల బండి మీద కామారెడ్డి పెత్తనమేందని కల్లు దుకాణం కాడ కూడా అదే లొల్లి. తీర్మానం చేయడానికి మున్సిపాలిటీ హాల్లో మీటింగు పెట్టారు. చైర్మన్ హన్మండ్లు దానికి ముందు నన్ను వరండాలోకి పిలిచాడు.

"బిడ్డా, నువ్వొక్క మాట అను చాలు. గీ గది పోతె ఊరు ఆగమైతదని చెప్పు. నీ మాట దాటి ఎవ్వడు చెయ్యెత్తడు."

నేను తల ఊపాను. ఎటువైపు ఊపానో ఆయన సరిగా చూసుకోలేదు.

ఆ మధ్యాహ్నం వాన దంచుతోంది. కామారెడ్డి నుంచి సునీల్‌కుమార్ అనే ఆఫీసరు వచ్చి అంతా ఓపికగా వివరించాడు. గొంతులో దర్పం లేదు, అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పాడు. నాకైతే ఆయన నన్ను విడిపించడానికి వచ్చిన మనిషిలా కనిపించాడు. ఆయన కూర్చోగానే హన్మండ్లు "ఇగ మన ప్రమోద మాట్లాడతది," అని నావైపు చెయ్యి చాపాడు.

లేచాను.

"అన్నా, చేదైనా చెప్త. నాకు జరమొస్తె ఈ ఊరికి జరమొచ్చినట్టే. ఊరంత ఒక్క మనిషి మీద ఆనుకుంటె అది ఆపద గది కాదు, అదే ఒక ఆపద. అక్కడ పదిమంది వంతులేసుకుని కూసుంటరు. ఫోనెవ్వరెత్తినా బండి రావాలె గని, ప్రమోదనే ఎత్తాలన్న రూలేమున్నది?"

హన్మండ్లు మొహం మాడిపోయింది. కానీ వార్డు మెంబరు దుర్గవ్వ ముక్కున వేలేసుకుని, "నిజమే పాపం. దాని పెయ్యి చూడుండ్రి, పుల్ల లెక్క అయింది," అంది. నలుగురు అవునన్నారు. అనుకూలమైనవాళ్లు చేతులెత్తండి అన్నాడు కమిషనరు. ఒకటి, రెండు లేచాయి. మూడోది లేస్తోంది.

నా ఫోన్ మోగింది.

తెర మీద షార్జా నంబరు. మల్లేష్. ఎత్తితే ఇప్పుడే అన్న మాటను నా చేత్తో నేనే నరుక్కున్నట్టు. అది నాకు ఆ క్షణంలోనే తెలుసు. ఎత్తకుండా ఉండాలని ఎంత కోరుకున్నానో ఆ దేవుడికే తెలియాలి. కానీ ఎత్తకపోవడం అనే విద్య నా చేతికి ఎప్పుడూ రాలేదు.

"అక్కా, బాపు మీద గోడ వడ్డదంట! రాజశ్రీ ఏడుస్తుంది, ఒక్క ముక్క సమజైతలేదక్కా!"

మల్లేష్ తండ్రి సాయిలు. రాజశ్రీ మల్లేష్ భార్య. వాళ్ల ఇల్లు మున్సిపాలిటీ వెనక వాడలోనే. వాన లేకుంటే ఆమె అరుపు కిటికీలోంచి మాకే వినిపించేది.

"ఏ గోడ తమ్మీ? వంటింటిదా, ఎడ్ల కొట్టానిదా?"

"ఆగక్క, అడుగుత." రెండో ఫోన్లో పెళ్లాన్ని అడిగాడు. "కొట్టందంట."

"మాట్లాడుతున్నడా?"

"ఆగక్క... మూలుగుతున్నడంట. నడుం దాక మట్టిల ఉన్నడంట."

"రాజశ్రీని గడ్డపార ముట్టద్దను. చేతులతోని మొఖం కాడి మట్టి తియ్యమను. ఊపిరాడాలె. మనోళ్లు వస్తున్నరు, చెప్పు."

రెండో చేత్తో కమిషనరు బల్ల మీది ఫోను లాక్కుని భీమేష్‌కు చెప్పాను. మంటల బండి కుర్రాళ్లను పారలతో పొమ్మన్నాను. రెండు బండ్లూ గేటు దాటి పోయిన చప్పుడు వినేదాకా మల్లేష్‌తో మాట్లాడుతూనే ఉన్నాను. కూతవేటు దూరంలో మనిషి మట్టికింద ఉంటే, నేను షార్జాతో మాట్లాడుతున్నాను.

ఫోన్ పెట్టగానే సునీల్‌కుమార్ అడిగాడు. "ఆమె నేరుగా మీకే చేయొచ్చు కదా?"

"పెనిమిటికి చెప్పకుండ ఎట్ల చేస్తది సారూ?" అంది దుర్గవ్వ, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

"సరే, అతనైనా మా నంబరుకు చేయొచ్చు."

జవాబు నాకు తెలుసు. నోరు మూసుకుని ఉండొచ్చు. కానీ సాయిలు ఇంకా మట్టిలోనే ఉన్నాడు. అబద్ధం మింగుడు పడలేదు.

"షార్జాల కూసుని మూడంకెలు కొడితె ఎల్లారెడ్డి పలుకది సార్," అన్నాను.

లేచిన చేతులు దిగిపోయాయి. హన్మండ్లు మీసం దువ్వుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఊరి మీద, ఆ ఆఫీసరు మీద, అందరికంటే ఎక్కువ చేతిలో ఉన్న ఆ ఫోను మీద. దాన్ని తీసుకెళ్లి సునీల్‌కుమార్ ముందు పెట్టాను.

"అయితె గిది తీస్కపోండ్రి సార్. సిమ్‌తోని సహా. మీ పెద్ద గదిల పెట్టుండ్రి. నంబరు అదే ఉంటది, ఎత్తేటోళ్లు మారుతరు. నేను వేరే నంబరు తీసుకుంట. ఇయ్యాల్నే, గిప్పుడే మొదలు పెట్టుండ్రి."

ఆయన ఫోను చేతిలోకి తీసుకున్నాడు. "మంచి ఉపాయమే. రాతకోతలు నేను చూసుకుంటాను," అన్నాడు. చేతులు మళ్లీ లేచాయి. హన్మండ్లుది అందరికంటే చివర లేచింది, అదీ భుజం దాకానే. తీర్మానం పాసైంది.

నేను గొడుగు కూడా తీసుకోకుండా బయటపడ్డాను. దవాఖాన కిటికీలోంచి తొంగిచూశాను. సాయిలు మంచం మీద, కాలికి చెక్కలు కట్టించుకుంటూ, ఆ గోడ కట్టిన మేస్త్రీని తిట్టిపోస్తున్నాడు. బతికాడు. రాజశ్రీ మూలన నిలబడి షార్జాకు చెబుతోంది. నన్నెవరూ చూడలేదు. బస్టాండులో కామారెడ్డి బస్సు కదలబోతుంటే ఎక్కేశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే ఫోనేది?

బస్సులో ఒక మక్క కంకి కొనుక్కుని రెండు చేతులతో పట్టుకుని తిన్నాను. నవ్వకండి. ఒక చెయ్యి ఎప్పుడూ ఫోనుకే పోయిన మనిషికి తెలుస్తుంది ఆ సుఖం. లింగంపేట వచ్చింది. నేను దిగలేదు. బస్సు కదిలింది. నాకు ఏడుపొచ్చేంత సంతోషమైంది. నరేందర్‌తో ఏమనాలో లోలోపల పదిసార్లు అనుకున్నాను. దసరా దాకా ఎందుకు, రేపే పాలు పొంగిద్దాం అనాలనుకున్నాను. ఎదురుగా వానలో బైకులు పోతున్నాయి. వాటిలో ఒకటి ఆయనదేనని నాకేం తెలుసు.

నేను బస్సులో కంకి తింటున్నప్పుడు ఎల్లారెడ్డిలో ఏం జరిగిందో తర్వాత తెలిసింది.

తండ్రి బతికాడన్న సంతోషంతో మల్లేష్ నాకు ఫోన్ చేశాడు. సునీల్‌కుమార్ ఎత్తాడు. పద్ధతి గల మనిషి కదా, పద్ధతిగా మాట్లాడాడు. "నమస్కారం. నేను ఆఫీసర్ని మాట్లాడుతున్నాను. మీరెవరు? ప్రమోద గారికి మీరేమవుతారు?"

మా దిక్కు ఒక మనిషి ఫోనును ముక్కూమొహం తెలియని సారొకాయన ఎత్తి, మీరామెకు ఏమవుతారని అడిగాడంటే దానికి ఒకటే అర్థం. ఆ ఫోను రోడ్డు పక్కన దొరికిందని. మల్లేష్ ఫోన్ కట్ చేసి బావురుమన్నాడట. గదిలో వాళ్లందరూ లేచారు. షార్జా నుంచి దుబాయి, దుబాయి నుంచి మస్కట్. నరేందర్‌తో పాత గదిలో ఉన్న ఒకాయన ఏడుస్తూ నరేందర్‌కే చేశాడు.

నరేందర్ నా నంబరుకు కొట్టాడు. ఎప్పుడు కొట్టినా బిజీ. చివరికి కలిసింది.

"మా ఆమె ఏది సార్?"

"ఆమెకేం కాలేదండీ. మీరు కంగారు పడకండి."

"నేను వస్తున్న!"

"రండి. నిదానంగా రండి."

పాపం, ఆ సారు తప్పేముంది. ఉన్నదే చెప్పాడు. కానీ చావు కబురు ఫోన్లో చెప్పే ఆచారం మాకు లేదు. పోయినవాళ్ల ఇంటివాళ్లకు మేం కూడా అచ్చం అదే చెబుతాం. ఏం కాలేదు, నువ్వు నిదానంగా రా అని. ఆయన ఎంత నమ్మకంగా చెబితే నరేందర్‌కు అంత గట్టిగా రూఢి అయింది. ఒక్క నరేందర్‌కే కాదు, ఫోన్ చేసిన ప్రతివాడికీ ఆయన అదే మాట చెప్పాడు. హన్మండ్లు నా కోసం మనుషుల్ని పంపాడు. గదిలో లేను. ఇంటికి తాళం. సాయంత్రానికి మా పక్కింటి మంగవ్వ నా గడప మీద కూర్చుని శోకం తీయడం మొదలుపెట్టింది. ఎంత మంచిదానివి బిడ్డా అని మొదలుపెట్టి, నేను బాకీ ఉన్న చాటెడు బియ్యం దాకా వచ్చిందట.

కామారెడ్డిలో దిగితే దుకాణం షట్టరు వేసి ఉంది. గదికి పోయాను. మెట్ల మీద సుష్మిత, చుట్టూ ఆడవాళ్లు. నన్ను చూసి పిల్ల పరుగెత్తి రాలేదు. గోడకు ఆనుకుని అలాగే చూసింది. తర్వాత వచ్చి నా భుజాల మీద పిడికిళ్లతో కొట్టింది.

"ఏడికి వోయినవమ్మా! ఫోన్ ఎందుకిచ్చినవ్ ఆ సార్‌కు? ఎందుకిచ్చినవ్?"

దాన్ని దగ్గరికి లాక్కున్నాను. తండ్రికి ఫోన్ కలిపి నా చెవికి పెట్టింది. ఆయన అప్పటికే ఎల్లారెడ్డి మున్సిపాలిటీలో ఉన్నాడు. "నేనే," అన్నాను. అవతల ఊపిరి వినిపించింది. తర్వాత "వస్తున్న. ఏడికి పోకు," అని పెట్టేశాడు.

ఆయన వచ్చేసరికి దీపాలు పెట్టారు. బట్టలన్నీ బురద. వంతెన దగ్గర బండి జారి మోకాలు చెక్కుకుపోయింది. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. నేనే ముందు మొదలుపెట్టాను.

"అయిపోయింది నరేందర్. ఫోనిచ్చేసిన. ఇగ నేను ఈడనే ఉంట. రేపే ఆ ఇంటికి..."

ఆయన అంగీ లోపల్నుంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. దాంట్లోంచి నా ఫోను తీసి నా అరచేతిలో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే మూశాడు.

"సార్‌ను అడిగి తెచ్చిన. అందరు ఆడనే ఉన్నరు. తీర్మానం మార్చిండ్రు. పెద్ద గది కామారెడ్డిలనే, గని గల్ఫ్ ఫోన్లకు ఎల్లారెడ్డి గది ఉంటది. నువ్వుంటవ్. ఆ సారే రాయిచ్చిండు."

"నన్నొక్క మాట అడగకుండనే?"

"నేను ఒప్పుకున్న."

"నువ్వే కద వద్దంటివి! ఇన్నేండ్ల సంది నువ్వే కద!"

"అంటి." ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. సుష్మిత వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. "మా అవ్వ పోయిననాడు దుబాయిలకెల్లి ఎన్ని ఫోన్లు కొట్టిన్నో నీకు తెల్వది. ఎవ్వలెత్తలే. తెల్లారినంక ఎవడో ఎత్తి, ఏం కాలేదు, నిదానంగ రా అన్నడు. ఇయ్యాల మల్ల గదే మాటిన్న. తొవ్వ పొడుగూత నువ్వు లేవనే అనుకున్న ప్రమోదా. ఇగ నాకు శాతగాదు. నువ్వు ఆడ ఉండు, ఏడన్న ఉండు. గీ నంబరు కొడితె నీ గొంతే ఇనవడాలె."

పెళ్లయి ఇన్నేళ్లలో తల్లి పోయిన ఆ రాత్రి సంగతి ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. ఆయన మీద జాలి వేసింది. ఊరంతా పట్టుకుని లాగుతున్నా, నన్ను బయటికి రమ్మన్నవాడు ఒక్కడుండేవాడు. ఇప్పుడు వాడే తలుపు మూస్తున్నాడు, ఏడుస్తూ మూస్తున్నాడు, అలాంటివాడితో ఎట్లా కొట్లాడేది?

"పొద్దుగాల మొదటి బస్సుకు నేనే ఎక్కిస్త," అన్నాడు.

"మరి ఇల్లు?"

ఆయన ఫోనున్న నా చేతిని పట్టుకుని తీసుకెళ్లి సుష్మిత తల మీద పెట్టాడు.

"గీ ఫోను ఇగ ఎవ్వలకియ్యనని బిడ్డ మీద ఒట్టెయ్యి."

పిల్ల తలెత్తి నావైపు చూసింది. వద్దంటుందేమోనని ఒక్క క్షణం చూశాను. అది కళ్లు తుడుచుకుని, నా చెయ్యి జారకుండా తన రెండు చేతులతో పైనుంచి గట్టిగా పట్టుకుంది.

ఒట్టేశాను.